అగ్గి పెట్టే ముందు ఆ లెక్క మాకూ చూపించండి

తిరుపతి అటవీశాఖ అధికారులకు, కొండమీద టీటీడీ అటవీ విభాగం వారికి,

నమస్కారం సార్. ముందే చెప్పేస్తాను, అడవిలో నిప్పు పెట్టొద్దని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే శేషాచలంలో ఎక్కడో ఒకచోట పొగ లేస్తుంది, ఎవరో ఫోన్‌లో వీడియో తీసి పెడతారు, కింద ‘అడవిని కాపాడాల్సిన వాళ్లే తగలబెడుతున్నారు’ అని తిట్లు మొదలవుతాయి. నేను ఆ బ్యాచ్ కాదు. ఫైర్ లైన్ (మంటకు అడ్డంగా అడవిలో ఉంచే ఖాళీ పట్టీ) మీద గడ్డి కోసి, ఎండనిచ్చి, ఎండలు ముదరకముందే కాల్చేస్తే తర్వాత వచ్చే పెద్ద మంట ఆ ఖాళీ జాగా దగ్గర తిండి లేక ఆగుతుందని కొండవార పుట్టి పెరిగిన వాళ్లకు ఒకరు పాఠం చెప్పక్కర్లేదు. నేను అడిగేది వేరే. ఏ చోట అగ్గి పెడుతున్నారో, ఆ చోట ఆ రోజు ఆ మంట చేయి దాటితే ఏమేం పోతాయో కాగితం మీద పెట్టండి. ఆ కాగితం చుట్టుపక్కల ఊళ్లకు చూపించండి. పొద్దున లేచాక గాలి తేడాగా ఉంటే ‘ఈ రోజు వద్దు’ అని చెప్పే అధికారం అక్కడ నిలబడ్డ మనిషికి ఇవ్వండి.

మాది చంద్రగిరి వైపు కొండవార ఊరు. మా మామిడి తోపుకూ అడవి హద్దుకూ మధ్య ఒక బండిబాట, అంతే.

మన కొండ సంగతి మీకు తెలిసిందే అయినా, ఇది చదివే మిగతా వాళ్ల కోసం రాస్తున్నా. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన పడుతుంది. ఆ వానకు కొండమీద బోద గడ్డి మనిషెత్తు లేస్తుంది. సంక్రాంతి దాటాక పసుపు తిరుగుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గదా, పోతూ పోతూ ఆ గడ్డిలో ఉన్న తేమనంతా తీసుకుని పోతుంది. అదే సమయానికి చెట్లు ఆకు రాలుస్తాయి. అంటే కింద ఎండు గడ్డి, దాని మీద ఎండాకు, పైన ఎండ. ఇక దానికి ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు, కొత్త కసువు మొలుస్తుందని మేత కోసం ఎవరో పెట్టిన నిప్పు చాలు, తేనె పట్టు దగ్గర వదిలేసిన కాగడా చాలు, ఎర్రచందనం దొంగలు రాత్రి వంట చేసుకుని వదిలేసిన పొయ్యి చాలు. 2014 మార్చిలో కాకులకొండ, పాపవినాశనం వైపు అంటుకున్నప్పుడు ఏమైందో తిరుపతిలో అందరికీ గుర్తుంది. వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి ఆకాశం నుంచి నీళ్లు పోయాల్సి వచ్చింది. కాబట్టి ‘ముందుగా కాల్చకపోవడం’ కూడా ప్రమాదమే, దానికీ లెక్క రాయాలి. కాలిస్తే వచ్చే ముప్పునే చూపించి భయపెట్టే వాళ్ల మాట నాకు నచ్చదు.

కానీ ఇక్కడొక తిరకాసు ఉంది. ముందుగా కాల్చకుండా వదిలేసిన చోట మార్చిలో అడవి అంటుకుంటే తప్పు ‘గుర్తు తెలియని వ్యక్తుల’ మీదికి పోతుంది, ఏ ఆఫీసరుకూ మెమో రాదు. అదే ఆఫీసరు పెట్టించిన మంట గాలికి లైన్ దాటి లోపలికి పోతే ఆయన పేరు, ఫోటో, ఎంక్వైరీ. ఇలాంటి చోట మనుషులు సహజంగా ఏం చేస్తారు? భయపడే వాడు కాల్చడం మానేస్తాడు, లేదా ఎవరికీ చెప్పకుండా గబగబా కాల్చేసి ఇన్ని కిలోమీటర్ల ఫైర్ లైన్ పూర్తయిందని రిపోర్టు పంపుతాడు. రెండూ ప్రమాదమే. లెక్క ముందే రాసి, అందరికీ చూపించి, నిబంధన ప్రకారం కాల్చిన ఆఫీసరుకు ఆ కాగితమే రక్ష. మా కోసమే కాదు, మీ కోసం కూడా అడుగుతున్నా సార్.

ముందస్తు మంటలు ఎంత తరచుగా తప్పిపోతాయి అనే ప్రశ్నకు అమెరికా వాళ్ల దగ్గర ఒక లెక్క ఉంది. తాము పెట్టే మంటల్లో 99.84 శాతం అనుకున్నట్టే ముగుస్తాయని అక్కడి ఫారెస్ట్ సర్వీస్ అధిపతి 2022లో చెప్పాడు. అంటే వెయ్యిలో ఒకటో రెండో తప్పిపోతాయి. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. ఆయన ఆ మాట ఎప్పుడు చెప్పాడో చూడండి మరి. ఆ ఏడాది ఏప్రిల్‌లో న్యూ మెక్సికో రాష్ట్రంలో ఆ శాఖే పెట్టిన మంట ఒకటి గాలికి హద్దు దాటింది. అదే ప్రాంతంలో అంతకుముందు జనవరిలో కాల్చిన కొమ్మా రెమ్మల చెత్త కుప్పల్లో ఒకటి మంచు కింద నెలల తరబడి లోలోపల రగులుతూనే ఉండి ఏప్రిల్‌లో మళ్లీ లేచింది. రెండూ కలిసి 3 లక్షల 40 వేల ఎకరాలకు పైగా కాల్చేశాయి, వందల ఇళ్లు పోయాయి. ఆ రాష్ట్ర చరిత్రలో అంత పెద్ద అడవి మంట లేదు. దాంతో దేశమంతటా ముందస్తు మంటలను 90 రోజులు ఆపి సమీక్ష చేసుకున్నారు. తేలిందేమిటంటే, వాళ్ల దగ్గర ప్లాన్ ఉంది, అనుమతి ఉంది, సంతకాలు ఉన్నాయి. నేల మాత్రం ప్లాన్‌లో అనుకున్న దానికన్నా ఎక్కువ ఎండిపోయి ఉంది. ఆస్ట్రేలియాలో 2011 నవంబరులో మార్గరెట్ రివర్ దగ్గర కూడా ఇలాగే, ప్రభుత్వం పెట్టిన మంటే తప్పించుకుని 30కి పైగా ఇళ్లను తినేసింది.

ఇవి చెప్పి మిమ్మల్ని బెదిరించాలని కాదు. వాళ్లు కాల్చేది వేల ఎకరాలు, మన దగ్గర ఎక్కువగా కాల్చేది గీత లాంటి ఫైర్ లైన్. ఆ తేడా నాకు తెలుసు. కానీ శాతాల లెక్క ఎందుకు సరిపోదో ఈ ఉదాహరణ చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదు. ప్రమాదం అంటే రెండు సంగతులు కలిసింది: తప్పిపోయే అవకాశం ఎంత, తప్పిపోతే పోయేది ఎంత. మన దగ్గర మాట్లాడేదంతా మొదటి దాని గురించే. రెండోదాని సంగతికొస్తే, శేషాచలం అంతా ఒకటి కాదు.

ఎర్రచందనం సహజంగా పెరిగేదే ఈ తూర్పు కనుమల దక్షిణపు కొసన, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పెద్ద మాను ఒక నేలమంటను తట్టుకుంటుందేమో, నిన్న మొన్న మొలిచిన మొక్క తట్టుకోదు. దాని కాయ పండి రాలేది కూడా ఈ ఎండాకు రోజుల్లోనే. తిరుమల కొండల్లో ‘సైకస్ బెడ్డోమి’ అని చూడటానికి పొట్టి ఈత చెట్టులా ఉండే మొక్క ఉంది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు, ఎదుగుదల మహా నిదానం. అంతర్జాతీయ వ్యాపారం మీద అన్నిటికన్నా కఠినమైన నిషేధం ఉన్న జాబితాలో ఉంది. ఇలాంటి మొక్కలు గుంపుగా ఉన్న వాలులో మంట ఒక్కసారి తప్పినా, అది పదిచోట్ల తుమ్మ పొదల్లో తప్పినదానికన్నా పెద్ద నష్టం. మరి ఫైర్ లైన్ మ్యాప్ మీద ఈ గుంపులు గుర్తు పెట్టి ఉన్నాయా? గుర్తు పెట్టి ఉంటే, ఆ చోట కాల్చడం మానేసి గడ్డి కోసి బయటికి మోసే పని చేయొచ్చు కదా. కూలి ఎక్కువవుతుంది, నిజమే. ఆ ఎక్కువ ఎంతో రాయండి, దాన్ని పోయే దానితో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పరుగెత్తలేని జీవాలూ ఉన్నాయి: నక్షత్ర తాబేలు, దేవాంగపిల్లి, నేలమీద గుడ్లు పెట్టే పిట్టలు. ఫిబ్రవరి మొదటి వారంలో పెట్టాల్సిన మంట నిధులు రాలేదనో మనుషులు దొరకలేదనో మార్చికి జరిగితే వాటికి ముప్పు పెరుగుతుంది, మనకూ పెరుగుతుంది. గడువు దాటిన మంట వేరే మంట. పాత అనుమతి దానికి చెల్లకూడదు.

వాలు సంగతి. నేల పది డిగ్రీలు ఎగువకు లేస్తే మంట వేగం సుమారు రెట్టింపు అవుతుందని ఈ పని చేసేవాళ్లు లెక్క వేస్తారు. మన కోనల్లో వాలు పది డిగ్రీలతో ఆగదు. పైగా ఇరుకు కోన మధ్యాహ్నం పూట పొగగొట్టంలా పనిచేస్తుంది, బండలు వేడెక్కి గాలిని పైకి లాగుతాయి. అందుకే తెల్లవారుజామున మంచు తడి ఉండగా పై గట్టున మొదలుపెట్టి, మంట కిందికి నిదానంగా దిగేలా కాల్చాలని అనుభవం ఉన్న అడవి కాపలా వాచర్లు చెబుతారు. అప్పుడు కూడా కాలుతున్న దుంగ దొర్లి లైన్ దాటి కింద గడ్డిలో పడితే, అక్కడి నుంచి కొత్త మంట వాలు ఎక్కుతూ మనుషుల మీదికే వస్తుంది. ఏ కోనలో ఏ పూట గాలి ఎటు తిరుగుతుందో వాతావరణ శాఖ యాప్ చెప్పదు. జీవాలు తోలుకునే వాళ్లకు తెలుసు, కొండవార యానాది కుటుంబాల్లో పెద్దవాళ్లకు తెలుసు. వాళ్లను అడిగారా?

ఇది ఊరికే జానపద మోజుతో అంటున్న మాట కాదు. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు అనే గిరిజనులు ఉన్నారు. ఎండలు ముదరకముందే నేలమీద ఎండాకును చిన్న మంటతో కాల్చడం వాళ్ల తరతరాల పద్ధతి. 1974లో అభయారణ్యం అయ్యాక అది ఆగిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో లంటానా కంప అడవి నిండా అల్లుకుపోయింది. చిన్న మంటలు ఆగిపోవడమే దీనికి పెద్ద కారణమని సోలిగలు అంటారు, వాళ్లతో కలిసి పనిచేసిన పరిశోధకులూ ఆ మాటను తీసిపారేయలేదు. ఆ కొండ పద్ధతిని తెచ్చి ఈ కొండకు అంటించమని నేను అనను. అక్కడి అడవి వేరు, వాన వేరు. అయితే రేపు ఎవరైనా పెద్దలు ‘విదేశాల్లో లాగా మనమూ పెద్ద పెద్ద బ్లాకులు కాల్చేద్దాం’ అని స్కీమ్ తెస్తే, దానికి ముందు మన కొండమీద చిన్న చోట చేసి చూసి, మూడు నాలుగు వానలు గడిచాక ఏం మొలిచిందో చూడకుండా ఒప్పుకోవద్దని మాత్రం గట్టిగా అంటాను.

ఇప్పుడు క్యాలెండర్. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ ఇదే. అగ్గి పెట్టడానికి అనువైన రోజులు సుమారుగా జనవరి, ఫిబ్రవరి. అదే రోజుల్లో కొండమీద ఏముంటుంది? వైకుంఠ ఏకాదశి జనం, రథసప్తమి జనం. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం ముక్కోటి (అడవిలోని తీర్థాల దగ్గర స్నానాల పండుగ), మాఘ పౌర్ణమికి కుమారధార, కాస్త ఆ తర్వాత మార్చిలో ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. వేలమంది పిల్లాపాపలతో, పెద్దవాళ్లతో అడవి దారిలో నడుస్తారు. కడప వైపు నుంచి అన్నమయ్య మార్గంలో నడిచొచ్చే వాళ్లు వేరే. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లిన వాళ్లు మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. అది ముందస్తు మంట కాదు, కానీ గడ్డి వాలులో మంటకు ఎగువన చిక్కుకున్న మనిషి ఎంతసేపు పరుగెత్తగలడో అక్కడ చూశాం. ఘాట్ రోడ్డు పక్కన కాల్చేటప్పుడు పొగ మలుపు మీద కమ్ముకుంటే బస్సు డ్రైవరుకు ఎదుటి బండి కనపడదు. కాబట్టి ప్రతి ముక్కోటికి ముందూ వెనకా ఇన్ని రోజులు ఆ దారి చుట్టుపక్కల అగ్గి ముట్టించం అని శాఖ, దేవస్థానం కూర్చుని ఒక్క పేజీ రాసుకుంటే పోతుంది. పంచాంగం ఏడాది ముందే వస్తుంది కదా.

అవే రోజుల్లో మా తోపుల్లో మామిడి పూత. చిత్తూరు మామిడి అంటే చాలామందికి జ్యూస్ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది, మాకు గుర్తొచ్చేది ఏడాదికి ఒక్కసారి వచ్చే డబ్బు. పూత మీద వేడి గాలి తగిలితే మాడిపోతుంది, ఏడాది కష్టం అక్కడికి సరి. తోపు అంచున ఎండాకు ఊడ్చుకోవడానికి, అవసరమైతే నీళ్లు కట్టుకోవడానికి రైతుకు ఒక్క సాయంత్రం ముందు కబురు చాలు. అలాగే మా వైపు నుంచి కూడా తప్పుంది, దాచను. చెరకు కొట్టాక ఆకును కయ్యలోనే కాల్చేవాళ్లు, గట్టున కసువు అంటించి టీ తాగడానికి పోయేవాళ్లు మా ఊళ్లలో ఉన్నారు. మీ లెక్కలో మమ్మల్నీ ఒక ప్రమాదంగా రాసుకోండి, ఫరవాలేదు.

వాచర్ల సంగతి రాయకపోతే ఈ ఉత్తరం దండగ. ఎవరు ఎన్ని మీటింగులు పెట్టినా చివరికి మంట ముందు నిలబడేది రోజుకూలీ ఫైర్ వాచర్. చేతిలో పచ్చి కొమ్మ, అదృష్టం బాగుంటే బ్లోయర్, కాళ్లకు చాలాసార్లు చెప్పులు. 2020 ఫిబ్రవరిలో కేరళ త్రిశూర్ జిల్లా దేశమంగళం దగ్గర మంట ఆర్పబోయి ముగ్గురు అటవీ వాచర్లు చనిపోయారు. గాలి తిరిగితే ఎటు పారిపోవాలి, ఎవరు విజిల్ వేస్తారు, దగ్గర్లో నీళ్లెక్కడ, జీపు ఎక్కడ ఆగుతుంది, కాలిన మనిషిని తిరుపతికి తీసుకురావడానికి ఎంతసేపు పడుతుంది? ఇవి రాయని ప్లాన్‌కు రిస్క్ అసెస్‌మెంట్ అని పేరు పెట్టొద్దు. బూట్లు, కాటన్ బట్టలు, బీమా ఉన్నాయా లేవా అన్నది ఆ కాగితంలో మొదటి వరుస కావాలి. లేకపోతే ఆ రోజు అగ్గి లేదు, అంతే.

ఇంకొకటి, మంట ఆరాక ఎవరుంటారు? న్యూ మెక్సికోలో చెత్త కుప్ప నెలల తర్వాత లేచిందని పైన రాశాను. మన దగ్గర అలా మంచు గడ్డకట్టదు గానీ ఎండు మొద్దులు, చెదపుట్టల పక్కన బోలు మాన్లు బోలెడు. పైకి బూడిద చల్లగా కనిపిస్తుంది, చేయి వెనక్కి తిప్పి దగ్గర పెడితే గానీ లోపలి సెగ తెలియదు. మరుసటి రోజు మధ్యాహ్నం గాలి లేచినప్పుడు అసలు పరీక్ష. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో చూసి ఫోన్లకు అలర్ట్ పంపుతుంది, మంచిదే. కానీ అందులో మెరుగైన దాని చూపు కూడా 375 మీటర్ల గడులుగానే ఉంటుంది, మొద్దులో రగిలే నిప్పు దానికి కనపడేలోపు అది మొద్దులో ఉండదు. అందుకే కాల్చిన లైన్ మీద తర్వాతి రెండు మూడు రోజులు తిరగడానికి కూలి కూడా ముందే బడ్జెట్‌లో పెట్టండి. కాల్చడానికి డబ్బు ఉండి కాపలాకు లేకపోతే, సగం పనికి డబ్బిచ్చినట్టే.

మీ వైపు నుంచి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. ఏ రోజు ఏ చోట కాలుస్తున్నామో ముందే చెబితే ఎర్రచందనం దొంగలకు స్టాఫ్ ఎక్కడ బిజీగా ఉన్నారో చెప్పినట్టు కాదా అని. న్యాయమైన మాటే. దానికి వెబ్‌సైట్‌లో పెట్టక్కర్లేదు. ఆ హద్దు ఊళ్ల సర్పంచులకు, వనసంరక్షణ సమితి వాళ్లకు ముందు రోజు సాయంత్రం ఫోన్ చేస్తే చాలు. దానివల్ల మీకే ఇంకో లాభం. ఫలానా కోనలో మీరు పెట్టిన పొగ అని మాకు తెలిస్తే, తెలియని కోనలో లేచిన పొగ గురించి మేమే మీకు ఫోన్ చేస్తాం. ఇప్పుడు ఏ పొగ ఎవరిదో తెలియక, ఎందుకొచ్చిన గొడవ అని ఎవరూ ఫోన్ చేయరు.

చట్టం కూడా ఒక ముక్క. 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 30 ప్రకారం అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు పెట్టడం, నిప్పు వదిలేయడం నేరం. గొర్రెల కాపరి మీద ఆ సెక్షన్ పెట్టే శాఖ, తాను పెట్టే నిప్పు ప్రమాదం లేనిదని కాగితం మీద చూపించగలిగితే ఊళ్లో మీ మాటకు విలువ పెరుగుతుంది.

సంక్రాంతికి ముందే, ఈ సీజన్ ఫైర్ లైన్ల మ్యాప్ తీసుకుని మీ రేంజర్ గారిని, ఇద్దరు వాచర్లను కొండవార ఊళ్లకు పంపండి. ఒక్కో ఊరికి గంట చాలు. గాలి సంగతి చెప్పే పెద్దవాళ్లను మేం పిలిపిస్తాం. ఇంకో మాట, మామిడికి మందు కొట్టడానికి మా ఊళ్లలో ట్రాక్టర్లకు బిగించిన స్ప్రేయర్లు, నీళ్ల ట్యాంకర్లు ఉన్నాయి. బండిబాట ఉన్న చోటల్లా మీరు కాల్చే రోజు వాటిని నీళ్లతో నింపి హద్దు మీద నిలబెట్టడానికి కొందరు రైతులు సిద్ధంగా ఉన్నారు. డీజిల్ ఎవరు పోయించాలో అక్కడే కూర్చుని మాట్లాడుకుందాం.

ఇట్లు,
చంద్రగిరి కొండవార మామిడి రైతు ఒకడు